చలికాలంలో నీళ్లలో దిగి చేపలు పట్టేవారు పాదాలను కాపాడుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

నెల్లూరు జిల్లాకు, ప్రకాశం జిల్లా తీర మండలాలకు ఏటా పడే వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. అందుచేత ఈ ప్రాంతంలో చెరువులు నిండి కలుజులు (మిగులు నీరు పొర్లిపోయే చోట్లు) పారడం, పెన్నలో నీరు కదలడం, వాగులు కలిసే చోట చేప చేరడం, చలి మొదలవడం అన్నీ ఇంచుమించు ఒకే సమయంలో జరుగుతాయి. వేటకు మంచి రోజులూ అవే, తెల్లవారుజామున నీళ్లలో కాలు పెట్టబుద్ధి కాని రోజులూ అవే. గేలం వేసేవారైనా, విసురువల వేసేవారైనా, పీతల కోసం కాలువల్లో దిగేవారైనా చేప మీద ధ్యాసతో గంటల తరబడి మోకాలి లోతులో నిలబడి, వేళ్లు కొంకర్లు పోయిన తరువాత గాని కాళ్ల సంగతి గుర్తు చేసుకోరు. రొయ్యల గుంతల్లో తెల్లవారకముందే దిగి చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్లేలు) చూసేవారి పరిస్థితి కూడా ఇంతే కాబట్టి కింది సూచనలు వారికీ పనికివస్తాయి.

పాదాలు వెచ్చగా ఉండాలంటే మంచి బూట్లు కొంటే చాలుననుకోవడం సాధారణం. నా అభిప్రాయంలో బూట్ల వంతు తక్కువ. నీళ్లలో దిగకముందు ఏం తిన్నాం, ఒంటి మీద ఏం వేసుకున్నాం, పాదం పొడిగా ఉందా లేదా, గట్టుకు వచ్చిన మొదటి కొద్ది నిమిషాల్లో ఏం చేశాం అన్నవే ఎక్కువ భాగాన్ని నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలో వేటకు ముందురోజు రాత్రి నుంచి ఇంటికి తిరిగి వచ్చేదాకా చేయవలసిన పనులు జరిగే వరుసలోనే వివరించాను.

నీటి చల్లదనాన్ని కొలవడం

మన చలి ఎంతటిదో తెలుసుకోకుండా హిమాలయ నదులకు, అమెరికా చలికాలానికి తయారైన సామాను కొనడం డబ్బు దండగ. నెల్లూరులో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము గాలి ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది. పడమటి వైపు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో, కొండల పక్కన, అంతకంటే మరికొంత తగ్గుతుంది. నీరు గాలి కంటే నెమ్మదిగా చల్లబడుతుంది కాబట్టి లోతైన చెరువుల్లో ఆ వేళకు నీరే గాలి కంటే వెచ్చగా ఉంటుంది. తెల్లవారేటప్పుడు చెరువు మీద ఆవిరి లేవడానికి కారణం అదే. మోకాలి లోతు కూడా లేని మడుగులు, ఉప్పు కాలువల అంచులు మాత్రం రాత్రంతా ఆకాశానికి వేడిని వదిలి బాగా చల్లబడి ఉంటాయి. సముద్రపు నీరు జనవరిలోనూ అంత చల్లగా ఉండదు. కాబట్టి కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులో గాని, బకింగ్‌హామ్ కాలువలో గాని పోటు ఎక్కేటప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చే నీటిలో నిలబడటం, రాత్రంతా నిలిచిన పల్లపు నీటిలో నిలబడటం కంటే కాలికి సుఖంగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి గమనించి చోటును ఎంచుకున్నా సగం పని జరిగినట్టే.

కొలవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. రొయ్యలు సాగుచేసే వారిలో చాలామంది దగ్గర నీటిలో ముంచే థర్మామీటరు ఉంటుంది, ఎందుకంటే 2009లో మన దేశంలోకి అనుమతించిన వనామి రొయ్య 28 నుంచి 32 డిగ్రీల నీటిలో బాగా పెరుగుతుంది, చలికాలంలో నీరు చల్లబడితే మేత తగ్గిస్తుంది. అటువంటి థర్మామీటరునే పైనీటిలో కాకుండా అడుగున, పాదం ఆనే చోట, రెండు నిమిషాలు ఉంచి చూడాలి. నేను పాటించే లెక్క ఇది: 26 డిగ్రీలకు పైన ఉంటే వెచ్చదనం గురించి దిగులు అక్కర్లేదు, కాలు నానిపోకుండా చూసుకుంటే చాలు, 22 నుంచి 26 మధ్య ఉంటే ఉత్త కాళ్లతో అరగంట, నియోప్రీన్ అనే మెత్తని రబ్బరుతో చేసిన పలుచని సాక్సులతో రెండు గంటల దాకా నిలబడవచ్చు, అంతకంటే తగ్గితే రక్షణ లేకుండా దిగకపోవడమే మేలు. మనిషిని బట్టి, వయసును బట్టి ఈ లెక్క మారుతుంది.

పాదమే ముందుగా ఎందుకు చల్లబడుతుంది

నీరు వేడిని గాలి కంటే ఇంచుమించు 25 రెట్లు వేగంగా లాగుతుంది. అందువల్ల 23 డిగ్రీల గాలిలో చొక్కా లేకుండా కూర్చోగలిగిన మనిషి 23 డిగ్రీల నీటిలో కాసేపటికే వణుకుతాడు. ఒళ్లంతా నీటిలో మునిగి కదలకుండా ఉన్న మనిషికి చల్లదనం గాని వేడి గాని తెలియకుండా ఉండాలంటే నీరు 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. మన నీళ్లన్నీ అంతకంటే చల్లనివే.

పాదంలో కండ తక్కువ, ఎముక, నరాలు, చర్మం ఎక్కువ. తనంతట తాను వేడి పుట్టించుకునే శక్తి దానికి స్వల్పం. పైనుంచి వచ్చే రక్తమే దానికి వేడిని తెస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం చల్లబడుతున్నట్టు తోచగానే, కాలువలో నీరు తగ్గినప్పుడు చివరి ఆయకట్టుకే ముందుగా నీరు ఆగిపోయినట్టు, శరీరం కాలివేళ్లకు, చేతివేళ్లకు రక్తాన్ని తగ్గించేస్తుంది. అరికాళ్లలో, వేళ్లలో దీనికోసమే ప్రత్యేకమైన రక్తనాళాలు ఉన్నాయి. నడుము నుంచి పైభాగం వెచ్చగా ఉన్నంతసేపు అవి తెరుచుకొని ఉంటాయి, అక్కడ చలి సోకితే మూసుకుపోతాయి. తడిసిన బనీనుతో ఎదురుగాలిలో నిలబడి, కాళ్లకు మాత్రం ఖరీదైన సాక్సులు వేసుకున్నవారికి పాదాలు ఎందుకు మొద్దుబారతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ముందురోజు రాత్రి చేయవలసినవి

దీపం వెలుతురులో పాదాలను ఒకసారి పరిశీలించాలి. మడమ పగుళ్లలో పచ్చి కనిపిస్తున్నా, వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడి ఊడుతున్నా, ముల్లు గుచ్చుకున్న గాయం మానకపోయినా మరునాడు నీళ్లలో దిగకూడదు. గోళ్లు మరీ లోపలికి కాకుండా తిన్నగా కత్తిరించుకోవాలి. పెరిగిన గోరు బూటు ముందు భాగానికి తగిలి, చలికి మొద్దుబారిన వేలిలో ఆ నొప్పి తెలియక, ఇంటికి వచ్చాక గోరు కింద రక్తం గడ్డకట్టి కనిపిస్తుంది.

పడుకునేముందు కాళ్లు కడిగి, పూర్తిగా తుడిచి, మడమలకు, పాదాల అంచులకు ఆముదం గాని, పెట్రోలియం జెల్లీ గాని పట్టించడం మంచిది. జిడ్డు చలిని ఆపదు. అది చేసే పని వేరు: చర్మం నీటిని పీల్చుకొని ఉబ్బడాన్ని ఆలస్యం చేస్తుంది. వియత్నాం యుద్ధంలో రోజుల తరబడి వరిమళ్లలో, బురదలో తిరిగిన అమెరికా సైనికుల అరికాళ్లు వెచ్చని నీళ్లలోనే నాని, ముడతలు పడి, అడుగు తీసి అడుగు వేయలేనంత నొప్పి పెట్టాయి. అప్పటి పరిశోధకులు దానికి విరుగుడుగా అరికాళ్లకు సిలికాన్ జిడ్డు పూయించారు. మన వాతావరణంలో చలిపుండ్ల కంటే ఈ నానుడు బాధకే అవకాశం ఎక్కువ. వేళ్ల సందుల్లో మాత్రం నూనె రాయకూడదు. అక్కడ తేమ, జిడ్డు కలిసి నిలిస్తే శిలీంధ్రానికి అనువుగా ఉంటుంది.

బయలుదేరే ముందు తిండి, బట్ట

పరగడుపున నీళ్లలో దిగడం మన వేటగాళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. తిండి లేని ఒంటికి వేడి పుట్టించుకోవడం కష్టం కాబట్టి వేడిగా ఒక గ్లాసు రాగి జావ గాని, నాలుగు ఇడ్లీలు గాని తిని బయలుదేరాలి. ఫ్లాస్కులో టీ తీసుకువెళ్లడం మంచిదే. బీడీ, సిగరెట్టు వెచ్చదనాన్ని ఇస్తాయన్నది భ్రమ. పొగాకులోని నికోటిన్ కాలివేళ్ల రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. మద్యం ఒళ్లు వెచ్చబడినట్టు అనిపింపజేస్తూ లోపలి వేడిని చర్మం మీదుగా బయటికి పోనిస్తుంది, అంతకుమించి నీళ్లలో అడుగు తప్పేలా చేస్తుంది.

ఒంటికి తగిలే బట్ట నూలుది కాకుండా పాలిస్టరుదైతే తడిసినా త్వరగా ఆరుతుంది. దాని మీద ఉన్ని స్వెటరు, ఆ పైన గాలి చొరని పలుచని రెయిన్ కోటు ఉంటే చాలు. తలకు, చెవులకు మఫ్లరు చుట్టుకోవాలి. లుంగీ ఎగ్గట్టి దిగేవారికి తొడలు, పిక్కలు పూర్తిగా గాలికి వదిలేసినట్టవుతుంది. పాదానికి చేరే రక్తం పిక్క గుండానే పోవాలి కదా, అది దారిలోనే చల్లబడుతుంది. మోకాలి పైదాకా బిగుతుగా ఉండే పాలిస్టరు ప్యాంటు, ఆటగాళ్లు వేసుకునే రకం, తక్కువ ధరకే దొరుకుతుంది. లుంగీ లోపల అది వేసుకున్నా ఎవరూ నవ్వరు.

నీళ్ల స్వభావాన్ని బట్టి పాదరక్ష

అన్ని చోట్లకూ పనికివచ్చే పాదరక్ష లేదు. అడుగు నేల గట్టిదా, బురదా, గవ్వలా అన్నది చూసి నిర్ణయించుకోవాలి.

గట్టి నేల ఉన్న చెరువు అంచుల్లో, కలుజుల కింద, పిక్క లోతు మించని నీటిలో మోకాటి దాకా వచ్చే గమ్ బూట్లు బాగా పనిచేస్తాయి. నీరు లోపలికి రానంతకాలం పాదం పొడిగా ఉంటుంది. అయితే రబ్బరుకు స్వతహాగా వెచ్చదనం లేదు, లోపలి సాక్సులే ఆ పని చేయాలి. కొనేటప్పుడు మామూలు కొలత కంటే ఒక నంబరు పెద్దది తీసుకొని, దళసరి సాక్సులతో తొడిగి చూసి, లోపల అయిదు వేళ్లూ విడివిడిగా ఆడుతున్నాయో లేదో పరీక్షించాలి. బిగుతు బూటు రక్తాన్ని ఆపుతుంది, వేలికీ రబ్బరుకూ మధ్య ఉండవలసిన గాలి పొరను లేకుండా చేస్తుంది. కొత్త సాక్సు వేసుకోవాలని పాత బూటులోనే రెండు జతలు కుక్కేవారికి ఒక జతతో ఉన్న వెచ్చదనం కూడా పోతుంది.

ఉప్పుటేర్లు, పాయల అంచులు, మడ చెట్లున్న చోట్లు వేరు. అక్కడ గమ్ బూటు ఒక ఉచ్చు. బురద దాన్ని పట్టుకొని వదలదు. కాలు లాగితే పాదం బయటికి వచ్చి బూటు అడుగునే ఉండిపోతుంది. ఇటువంటి చోట 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ సాక్సులు తొడిగి, వాటి మీద లేసులతో బిగించే పాత కాన్వాసు బూట్లు వేసుకోవడం ఉత్తమం. నియోప్రీన్ అంటే లోపలంతా మూసుకున్న గాలి బుడగలతో చేసిన మెత్తని రబ్బరు. సాక్సులోకి కొద్దిగా నీరు వచ్చినా అది అక్కడే నిలిచి, ఒంటి వేడితో వెచ్చబడుతుంది. కాని సాక్సు పాదానికి సరిగ్గా అతుక్కోవాలి. వదులుగా ఉంటే అడుగు అడుగుకూ చల్లని నీరు లోపలికి వచ్చి వెచ్చబడిన నీటిని తోసేస్తుంది. ఈ సాక్సులు మన ఊళ్లలో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

మైపాడు, కొత్తపట్నం వంటి ఇసుక తీరాల్లో కెరటాల అంచున నిలబడి గేలం వేసేవారికి చలి సమస్య అంతగా ఉండదు. అక్కడ గవ్వ పెంకులు కోసుకోకుండా పాత చెప్పులకు బదులు వేళ్లు కప్పే బూట్లు వాడితే చాలు.

రొమ్ము దాకా వచ్చే రబ్బరు సూట్లు, అంటే వేడర్లు, రొయ్యల గుంతల్లో ఎక్కువసేపు పనిచేసేవారికి ఉపయోగం. వీటిని వాడేవారు నడుము దగ్గర బెల్టు తప్పకుండా బిగించుకోవాలి. పడిపోయినప్పుడు నీరు కాళ్లలోకి దిగకుండా ఆపేది ఆ బెల్టే. నీరు నిండిన వేడరు మనిషిని అడుక్కి లాగేస్తుందన్న మాట నిజం కాదు, నీటిలో నీటికి బరువుండదు. కాని అందులోంచి లేచి గట్టెక్కడం, ప్రవాహంలో నిలదొక్కుకోవడం చాలా కష్టం.

సాక్సుల పొరలు

బడి పిల్లలు వేసుకునే నూలు సాక్సులను నీటి పనికి వాడకండి. నూలు చెమటను, నీటిని పీల్చుకొని వదలదు, తడిసిన తరువాత దారాలు అతుక్కుపోయి గాలి పొర ఉండదు. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడో వంతు తేమను తడి తెలియకుండా దాచుకోగలదు, తడిసినా దాని పోగులు పూర్తిగా కుంగవు. చలికాలంలో పట్టణాల్లో రోడ్ల పక్కన స్వెటర్లు పరిచి అమ్మేవారి దగ్గర ఉన్ని సాక్సులు కూడా దొరుకుతుంటాయి. పూర్తి ఉన్ని కాకపోయినా, ఉన్ని కలిసినవైతే పరవాలేదు.

గమ్ బూటులో తక్కువ ఖర్చుతో చేయదగ్గ ఏర్పాటు ఒకటి ఉంది. ముందు పలుచని పాలిస్టరు సాక్సు, దాని మీద చిల్లులు లేని పలుచని పాలిథిన్ కవరు, ఆ పైన దళసరి ఉన్ని సాక్సు వేసుకోవాలి. మన గాలిలో తేమ ఎక్కువ, గమ్ బూటులో పాదానికి చెమట పడుతుంది. ఆ చెమట ఉన్నిలోకి చేరి దాన్ని తడపకుండా కవరు అడ్డుపడుతుంది. కవరు తొడిగేటప్పుడు వేళ్ల ముందు మిగిలిన భాగాన్ని పాదం కిందికి కాకుండా పైకి మడవాలి, లేకపోతే ఆ మడత అరికాలిలో రాయిలాగా నొక్కుతుంది. ఈ పద్ధతిలో రెండు గంటలకు ఒకసారైనా లోపలి సాక్సును మార్చుకోవాలి, చెమట మాత్రం అందులో నిలిచి ఉంటుంది కాబట్టి.

సాక్సు పైఅంచు బిగుతును చూసే సులువైన పద్ధతి: ఇంట్లో అరగంట వేసుకొని తీసినప్పుడు పిక్క మీద లోతైన ఎర్రని గాడి కనిపించి, కాసేపటికీ పోకపోతే ఆ సాక్సు పనికిరాదు. ఎలాస్టిక్‌ను రెండుచోట్ల కత్తెరతో చిన్నగా గాటు పెట్టి వదులు చేసుకోవచ్చు.

నీళ్లలో దిగిన తరువాత

దిగే ముందు గట్టు మీద అయిదు నిమిషాలు వేగంగా నడిచి, మునివేళ్ల మీద ఇరవై సార్లు లేచి కూర్చొని, పాదాలు వెచ్చబడిన తరువాత దిగాలి. ఒకసారి చల్లబడిన పాదాన్ని నీళ్లలో ఉండగానే వెచ్చబరచడం దాదాపు అసాధ్యం. వెచ్చగా ఉన్నదాన్ని అలా నిలుపుకోవడమే చేయగలిగింది.

నిలబడిన చోట కదలకుండా ఉంటే చర్మం పక్కన ఉన్న పలుచని నీటి పొర కొంత వెచ్చబడి కాపాడుతుంది, కదిలితే ఆ పొర చెదిరిపోతుంది. అయితే కదలకపోతే కండరాలు వేడి పుట్టించవు, సిరల్లో రక్తం నిలిచిపోతుంది. రెంటిలో ఏది మేలు అంటే, ఉత్త కాళ్లతో ఉన్నవారు పాదాన్ని నీటిలో ఆడించకుండా వేళ్లను ముడుస్తూ తెరుస్తూ, పిక్కలను బిగిస్తూ వదులుతూ ఉండాలి. నియోప్రీన్, గమ్ బూట్లు ఉన్నవారు ధారాళంగా నాలుగడుగులు నడవవచ్చు. నడిచేటప్పుడు ఉప్పునీటిలో కాలు ఎత్తి వేయకుండా అడుగు మీద ఈడ్చుకుంటూ పోవాలి. ఇసుకలో కప్పుకొని ఉన్న, తోకలో ముల్లుండే టేకు చేప మీద కాలు పడకుండా, అది ముందే తప్పుకునేందుకు ఇది దారి ఇస్తుంది.

ప్రతి పదిహేను నిమిషాలకు ఒక పరీక్ష చేయాలి. బొటనవేలితో అడుగున ఉన్న ఇసుకను, గులకరాయిని, గడ్డిని తాకి వేరువేరుగా గుర్తుపట్టగలుగుతున్నారా? గుర్తుపడితే ఉండవచ్చు. అన్నీ ఒకేలా మొద్దుగా తోస్తే వెంటనే గట్టుకు రావాలి. నొప్పి పోయి హాయిగా అనిపించడం మంచి సూచన కాదు, తిమ్మిరి ముదిరిందని అర్థం. మొద్దుబారిన పాదానికి జారుడు రాయి తెలియదు, గాజు పెంకు తెలియదు. చెరువులో పడిపోయే ప్రమాదాలకు చలి దారితీసేది ఈ విధంగానే.

గట్టుకు వచ్చిన వెంటనే

కండలేరు ఉప్పుటేటి గట్టున వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఒకసారి నాతో, "నీళ్లు ఏంజేస్తయి అబ్బయా, గాలే గదా పీక్కతినేది" అన్నారు. శాస్త్రం లెక్కలో నీళ్లలో ఉన్నంతసేపు వేడిని ఎక్కువగా లాగేది నీళ్లే. కాని ఆయన అనుభవంలో ఒక ముఖ్యమైన నిజం ఉంది. గట్టెక్కగానే కాలు దానంతటదే వెచ్చబడుతుందని మనం అనుకుంటాం. తడి కాలు వెచ్చబడదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి ఇంచుమించు 580 కిలో కేలరీల వేడి కావాలి. పాదం మీది తడి ఆ వేడిలో చాలా భాగాన్ని చర్మం నుంచే తీసుకుంటుంది, పైగా వీచే తెల్లవారుజాము గాలి దాన్ని తొందరపెడుతుంది. పదే పదే దిగుతూ ఎక్కుతూ, తడి కాళ్లతోనే గట్టు మీద నిలబడి గేలం మార్చుకునేవారికి పాదాలు ఎప్పటికీ కోలుకోవు.

అందుచేత ఎరలు, గేలాలు, బెండ్లు అన్నీ మెడకు వేలాడే సంచిలో పెట్టుకొని దిగాలి, చీటికిమాటికి ఎక్కవలసిన అవసరం రాకూడదు. ఎక్కినప్పుడు మాత్రం చేతిలో చేప ఉన్నా దాన్ని బుట్టలో వేసి ముందు కాళ్లే తుడుచుకోవాలి. దీనికి కొత్త తువ్వాలు కంటే ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్క మేలు, నీటిని బాగా పీలుస్తుంది. దాన్ని సన్నగా మడిచి, చిటికెన వేలి సందు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క సందులోనూ ముందుకూ వెనక్కూ లాగాలి. అద్దినంత మాత్రాన సందులోని తడి పోదు. తరువాత పొడి ఉన్ని సాక్సులు తొడిగి, గోనె సంచి మీద గాని, చాప మీద గాని పాదాలు ఆనించి కూర్చోవాలి. తడి ఇసుక, సిమెంటు గట్టు కూడా వేడిని లాగుతాయి.

చలిమంట వేసుకునే అలవాటు ఉన్నవారు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మొద్దుబారిన పాదానికి కాలుతున్న సంగతి తెలియదు. నెగడుకు రెండు బారల దూరంలో కూర్చొని చేతులు, ఒళ్లు కాచుకుంటే పాదాలకు రక్తం దానంతటదే వస్తుంది. పాదాలను గట్టిగా రుద్దడం, మంట మీద పెట్టడం, కాగుతున్న నీళ్లు పోసుకోవడం కూడదు. ఇంట్లోనైతే 37 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ముంచవచ్చు. ఆ వేడిని మోచేతితో గాని, చలి సోకని మరొకరి చేతితో గాని చూడాలి. వెచ్చబడేటప్పుడు జిలజిలమని తిమ్మిరి, కొద్ది మంట సహజం. కొన్ని గంటలైనా పాదం పాలిపోయి ఉన్నా, వాచి ఎర్రబడి భరించలేని మంట పుట్టినా వైద్యుడికి చూపించాలి.

ముల్లు, గాయం, జ్వరం

టేకు చేప ముల్లు, జెల్ల ముల్లు గుచ్చుకున్నప్పుడు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా కాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఇక్కడా ఆ కాలికి వేడి తెలియకపోవచ్చు కాబట్టి పక్కవారి చేతితో చూసి పోయాలి. ముల్లు లోపల విరిగినా, ఛాతీకో పొట్టకో తగిలినా ఆసుపత్రికే వెళ్లాలి, ధనుర్వాతం టీకా సంగతి కూడా అడగాలి.

వాన నీళ్లు నిలిచిన కాలువల్లో, పొలాల పక్క గుంటల్లో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. నాని పగిలిన చర్మం దానికి తలుపు తీసినట్టే. నీళ్లలో దిగిన కొద్ది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే వైద్యుడికి ఫలానా నీళ్లలో దిగానని ముందుగా చెప్పాలి. ఉప్పునీటి గాయం చుట్టూ ఎర్రదనం గంటల్లోనే పాకుతుంటే, ముఖ్యంగా కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవారికి, మరునాటిదాకా ఆగకూడదు.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పైన చెప్పిన బొటనవేలి పరీక్ష పనికిరాదు, వారికి ఎప్పుడూ అన్నీ ఒకేలా తోస్తాయి. నీళ్లలో నానిన వేళ్లకు ముడతలు పడటం నరాలు చేసే పని; అందరి వేళ్లూ ముడతలు పడి మీవి మాత్రం నునుపుగా ఉంటే నరాలు దెబ్బతిన్నాయేమో చూపించుకోవడం మంచిది. వీరు గట్టు మీద కూర్చొనే గేలం వేయాలి. పొగతాగడం వల్ల కాళ్లలో రక్తనాళాలు పూడినవారికీ, నడిస్తే పిక్కలు పట్టేసేవారికీ ఇదే సలహా.

చలిదేశాల్లో ఉన్నవారికి

మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లి అక్కడి మహాసరస్సుల్లో కలిసే నదుల్లో చలికాలంలో స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ చేప వేటకు దిగేవారు ఇక్కడి లెక్కలను అక్కడ వాడకూడదు. నీరు 0 నుంచి 4 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఉత్త కాళ్ల మాటే లేదు. నీరు చొరని వేడరు, లోపల పలుచని సాక్సు మీద దళసరి ఉన్ని సాక్సు, దాని మీద ఒక నంబరు పెద్ద వేడింగ్ బూటు (నీళ్లలో నడవడానికి వాడే బూటు) ఉండాలి. ఇనుప పొడితో పనిచేసే వేడి పొట్లాలకు గాలి కావాలి, కాబట్టి బిగించిన వేడరులో అవి నెమ్మదిస్తాయి. వాటిని చర్మానికి నేరుగా తగిలించినా కాలుతుంది. మెత్త అడుగున్న ఫెల్టు బూట్లను మేరీలాండ్ వంటి చోట్ల నిషేధించారు, కొనేముందు ఆ రాష్ట్రపు నిబంధన చూసుకోవాలి. ఇక హిమాచల్‌లో ట్రౌట్ పట్టాలనుకునేవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేటకే సెలవు, ఆ నీళ్లలో చలికి నిలబడే అవసరమే రాదు.

ఇంటికి వచ్చిన తరువాత

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గాని వేటగాడికి అడుసు తప్పదు కాబట్టి కడగడమైనా సరిగా నేర్చుకోవాలి. ఉప్పునీటిలో దిగితే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మళ్లీ తుడిచి, కనీసం ఆ రాత్రంతా పాదాలకు గాలి తగలనివ్వాలి. వరుసగా రెండు రోజులు దిగి మూడో రోజు కాళ్లకు విశ్రాంతినివ్వడం మంచిది.

నియోప్రీన్ సాక్సులను తిరగేసి మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయాలి. ఎండకు అవి గట్టిపడి పగుళ్లు ఇస్తాయి. గమ్ బూట్లలో పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, తడిసిన కాగితాన్ని రెండు సార్లు మార్చి, రెండు కర్రలు పాతి వాటికి తలకిందులుగా తగిలించాలి. మళ్లీ తొడుక్కునే ముందు బోర్లించి గట్టిగా దులిపి, టార్చిలైటుతో లోపల చివరిదాకా చూడటం మరవకండి, చలికాలంలో తేళ్లకు కూడా అటువంటి చోటే కావాలి.